మాటలతో చేసే చికిత్స: మన ఊళ్లలో దొరికే కౌన్సెలింగ్, సైకోథెరపీ రకాలు

కావలి నుంచో, ఆత్మకూరు నుంచో, ఒక్కోసారి కందుకూరు, పొదిలి వైపు నుంచో ఫోన్ చేసేవారు నన్ను ముందుగా అడిగేవి ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాలి అన్న రెండు ప్రశ్నలే. ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, మా సమస్యకు ఆ పద్ధతి సరిపోతుందా అని అడిగేవారు చాలా అరుదు. కంటికి ఒక డాక్టరు, ఎముకలకు ఒక డాక్టరు ఉంటారని తెలిసిన మనకే, మనసు విషయం వచ్చేసరికి బోర్డు మీద కౌన్సెలింగ్ అని రాసి ఉంటే చాలు, లోపల జరిగేదంతా ఒకటే అనిపిస్తుంది. నెల్లూరులో క్లినికల్ సైకాలజిస్టుగా సొంత ప్రాక్టీసు చేస్తున్న నాకు ఈ అపోహ వల్ల జరిగే నష్టం తరచూ కనిపిస్తుంది. సరైన పద్ధతి దొరికితే కొన్ని నెలల్లో తేరుకోగలిగిన మనిషి, సరిపడని పద్ధతిలో ఏళ్ల తరబడి తిరిగి, చివరకు ఈ మాటల వైద్యం తనకు పనిచేయదని తీర్మానించుకుంటాడు. ఒక సమస్యలో మేలు చేసే మాటే ఇంకో సమస్యలో జబ్బును పెంచుతుందని చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను. ఇందులోని ఉదాహరణలు ఏ ఒక్కరివీ కావు. పలువురిలో కనిపించే తీరును కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాసినవి.

ముందుగా ఎవరు ఏ పని చేస్తారో చెప్పాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మానసిక జబ్బులకు మందులు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా, ఆపాలన్నా వారినే అడగాలి. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్యను అంచనా వేస్తారు, సైకోథెరపీ చేస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టుకు ఉండాల్సిన అర్హతను స్పష్టంగా చెప్పింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన అర్హత, లేదా సైకాలజీలో పీజీ తర్వాత పెద్దల పర్యవేక్షణలో రోగులతో పనిచేస్తూ పూర్తికాలం రెండేళ్లు చదివిన ఎంఫిల్ ఉండాలి. ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు. అడిగితే చూపించడం మా బాధ్యత. ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ చేసి కౌన్సెలింగులో మంచి శిక్షణ పొందినవారు కూడా మన జిల్లాల్లో ఉన్నారు, వారి పని విలువైనదే. అయితే కొద్ది వారాల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో గది అద్దెకు తీసుకుని డిప్రెషన్‌కూ, వద్దనుకున్నా పదేపదే వచ్చే ఆలోచనలు, చేసే పనులతో వేధించే ఓసీడీకీ, భార్యాభర్తల తగాదాలకూ ఒకే రకం హితబోధ చేసేవారి విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "మా వాడికి నాలుగు మంచి మాటలు చెప్పండి మేడమ్, మేము చెప్తే వినడం లేదు." ఆ మాటలో ఉన్న ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ నాలుగు మంచి మాటలూ ఆ పిల్లవాడు తల్లి దగ్గర, మేనమామ దగ్గర, కాలేజీలో వార్డెన్ దగ్గర అప్పటికే విని ఉంటాడు. వాటితో తేలేది అయితే నా గది దాకా వచ్చేవాడు కాదు. అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ గత శతాబ్దం మధ్యలో రూపొందించిన వ్యక్తి కేంద్రిత చికిత్స సరిగ్గా ఇక్కడే దారి మార్చింది. సలహా చెప్పడం తగ్గించి, ఎదుటి మనిషిని షరతులు లేకుండా గౌరవించడం, అతని కళ్లతో అతని లోకాన్ని చూడడం, తెచ్చిపెట్టుకోని నిజాయతీతో మాట్లాడడం అనే మూడింటి మీద ఆయన తన పద్ధతిని నిలబెట్టాడు. భర్త పోయిన ఆరు నెలలకు కూడా నలుగురిలో కన్నీరు పెట్టుకోలేకపోతున్న ఇల్లాలికి, ఉద్యోగమా పెళ్లా అన్న నిర్ణయం దగ్గర ఇంట్లో అందరి ఒత్తిడి మధ్య నలిగిపోతున్న యువతికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. అక్కడ ఓదార్పు, ఓపికగా వినడం, తొందరపెట్టకపోవడం అనేవే చికిత్స. ఎక్కువమంది మనసులో కౌన్సెలింగ్ అంటే ఉన్న చిత్రం కూడా ఇదే. అయితే ఇది అన్ని సమస్యలకూ సరిపోదు.

దిగులు, ఆందోళన, గుండెదడ, నిద్రలేమి వంటి వాటికి నేను ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అందరూ అనే సీబీటీ. ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్టుగా ఉన్న ఆరన్ బెక్ 1960ల్లో డిప్రెషన్ రోగులను పరిశీలిస్తూ, వారి మనసులో తమ గురించీ, లోకం గురించీ, భవిష్యత్తు గురించీ తమకు తెలియకుండానే నల్లని ఆలోచనలు దొర్లుతుంటాయని గుర్తించి, వాటిని పట్టుకుని పరీక్షించడం నేర్పే విధానాన్ని తయారుచేశాడు. వారానికి ఒకసారి, ముప్పావు గంట నుంచి గంట, చాలా సమస్యలకు సుమారు 12 నుంచి 20 సిటింగులు పడుతుంది. ప్రతి సిటింగుకూ ఎజెండా ఉంటుంది, చివర హోంవర్కు ఉంటుంది. హోంవర్కు అనగానే ఇంటర్ పిల్లల ముఖం వాడిపోతుంది గానీ, ఈ చికిత్సలో సగం పని జరిగేది ఆ నోటుబుక్కులోనే.

నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని నోటుబుక్కు ఎలా ఉంటుందో చూడండి. పేజీని నిలువుగా అయిదు గళ్లుగా గీస్తాము. మొదటి గడిలో ఏం జరిగిందో రాయాలి: ఆదివారం పరీక్షలో ఫిజిక్సు మార్కులు తగ్గాయి. రెండో గడిలో ఆ క్షణాన మనసులో మెదిలిన మాట యథాతథంగా: "నేను ఇంక దేనికీ పనికిరాను, నాన్న అప్పు చేసి కట్టిన ఫీజంతా బూడిదలో పోసిన పన్నీరు." మూడో గడిలో ఏమనిపించింది, నూటికి ఎంత: దిగులు 90, సిగ్గు 80. నాలుగో గడిలో ఆ మాటకు అనుకూలంగా ఉన్న రుజువులు ఒక పక్క, వ్యతిరేకంగా ఉన్నవి ఇంకో పక్క. ఇక్కడే చాలాసేపు ఆగుతాము. బోటనీ, జువాలజీ మార్కులు తగ్గలేదన్న విషయం ఆ అమ్మాయికి తెలియక కాదు, ఆ సమయంలో కనిపించక రాయలేదు. అయిదో గడిలో ఆమే తన మాటల్లో రాస్తుంది: "ఈసారి ఫిజిక్సులో తగ్గాయి, రొటేషన్ చాప్టరు నాకు అర్థం కాలేదు, అది సార్‌ను అడగాలి." దిగులు 90 నుంచి 50కి వస్తుంది. పాజిటివ్‌గా ఆలోచించు అని నేను చెప్పలేదు. అలా చెప్పడం సీబీటీ కాదు. ఆమె ఆలోచనను ఆమె చేతే సాక్ష్యాలతో తూకం వేయించడమే నా పని.

సముద్రం ఒడ్డు మండలాల్లోని రొయ్యల రైతులు నా దగ్గరకు వచ్చే దారి మరీ పొడవైనది. రాత్రి గుంటల దగ్గర కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే ఏమవుతుందోనన్న కంగారులో బతికే మనిషికి ఒకనాడు హఠాత్తుగా గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరి ఆడక, ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నీ అవుతాయి, అన్నీ బాగున్నాయంటారు, అయినా పదిహేను రోజుల్లో మళ్లీ అదే. ఆ పరీక్షలు వృథా కావు. గుండె, థైరాయిడ్, రక్తహీనత వంటి కారణాలు లేవని తేలాకే అది పానిక్ డిజార్డర్ అని అనుకోవాలి. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పినట్టు, శరీరంలో కలిగే మామూలు మార్పును ముంచుకొచ్చే ప్రమాదంగా మనసు అర్థం చేసుకోవడమే ఇక్కడ మూలం. దడ వస్తే భయం, భయంతో ఇంకా దడ. అందువల్ల చికిత్సలో నేను ఆ రైతును మా బిల్డింగు మెట్లు గబగబా ఎక్కి దిగమంటాను, తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పుతాను, సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చమంటాను. గుండె కొట్టుకుంటుంది, తల తిరుగుతుంది, ప్రాణానికేమీ కాదు. ఈ అనుభవం కలగనంతవరకూ మీకేమీ కాదని ఎంతమంది డాక్టర్లు చెప్పినా అది చెవిదాకానే వెళ్తుంది.

ఇక నేను అన్నిటికన్నా పట్టుదలగా చెప్పదలచుకున్నది ఓసీడీ గురించి. చేతులు కడుక్కోవడంలో గంటలు గడిచిపోవడం, తలుపు గడియ, గ్యాస్ నాబ్ పదేపదే చూసుకోవడం, దేవుడి పటం ముందు రాకూడని ఆలోచన వచ్చిందని కుమిలిపోవడం వంటి వాటిని మన ఇళ్లలో చాదస్తం అనే అంటారు. మడి, ఆచారం ఉన్న ఇళ్లలో ఇది జబ్బు అని గుర్తించడానికే ఏళ్లు పడుతుంది. తేడా స్పష్టంగానే ఉంటుంది. మడి కట్టుకున్న పెద్దావిడకు పూజ ముగిశాక మనసు నిమ్మళిస్తుంది. ఓసీడీ ఉన్నవారికి ఎంత కడిగినా సరిపోయిందన్న తృప్తి రాదు, అది అర్థం లేని పని అని చాలామందికి తెలిసినా ఆపలేరు. దీనికి బాగా పనిచేసే మానసిక చికిత్స ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. లండన్‌లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ 1966లో ప్రచురించిన కేసులతో దీనికి బాట పడింది.

ఈ చికిత్సలో ముందు ఒక నిచ్చెన తయారుచేస్తాము. ఏ పని ఎంత భయం కలిగిస్తుందో సున్నా నుంచి నూరు వరకు అంకె వేయించి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చుతాము. ఇంటి గేటు గడియ ముట్టుకుని అయిదు నిమిషాలు చేయి కడుక్కోకుండా కూర్చోవడం 30. కూరగాయల మార్కెట్లో చిల్లర తీసుకుని అదే చేత్తో సెల్‌ఫోన్ వాడడం 50. ఆర్టీసీ బస్సులో కడ్డీ పట్టుకుని ఇంటికొచ్చి బట్టలు మార్చకుండా మంచం మీద కూర్చోవడం 85. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, భయం కలిగే పని చేయించి, కడుక్కోవడమనే అలవాటును ఆపుతాము. మొదట్లో ఆందోళన పెరుగుతుంది. కూర్చున్నచోటే కూర్చుంటే చాలాసార్లు దానంతట అదే దిగుతుంది. దిగకపోయినా, దానితోనే కూర్చోగలనని, అనుకున్న అనర్థం జరగలేదని ఆ మనిషికి తెలుస్తుంది. బలవంతం చేయము, మోసం చేయము, ప్రతి మెట్టుకూ వారి ఒప్పుదల తీసుకుంటాము.

ఇప్పుడు ఆ మనిషిని ఓదార్చడం మాత్రమే తెలిసిన కౌన్సెలర్ దగ్గరకు పంపారనుకోండి. "ఏం కాదమ్మా, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి, దేవుడు నిన్ను ఏమీ అనుకోడు" అని ఆయన మంచి మనసుతోనే ధైర్యం చెబుతాడు. ఆ ధైర్యం ఆ సాయంత్రం దాకా ఉంటుంది. మరునాడు అదే మాట మళ్లీ వినాలనిపిస్తుంది. ధైర్యం చెప్పించుకోవడమే చేతులు కడుక్కోవడం లాంటి ఇంకో అలవాటుగా మారి జబ్బు బలపడుతుంది. ఇంట్లోవారి విషయమూ ఇంతే. కోడలి భయం చూడలేక గేటు దగ్గరే బకెట్టు నీళ్లు పెట్టి వచ్చినవాళ్లందరి కాళ్లూ కడిగించే అత్తగారు నిజానికి ప్రేమతోనే ఆ పని చేస్తోంది. ఆ బకెట్టును ఎప్పుడు, ఎలా తీసేయాలో అత్తగారికి నేర్పడం కూడా చికిత్సలో భాగం. భర్త పోయిన ఇల్లాలికి ప్రాణం పోసిన ఓదార్పే ఇక్కడ చేటు చేస్తుంది కాబట్టే, ఏ పద్ధతి అని అడగమని నేను ఇంతగా చెబుతున్నాను.

డిప్రెషన్‌కు సీబీటీతో పాటు బిహేవియరల్ యాక్టివేషన్ అనే సులువైన పద్ధతి ఉంది. పొగాకు ధర పడిపోయి అప్పుల్లో కూరుకుని, పొగాకు ఆరబెట్టే బ్యారన్ వైపు వెళ్లడం మానేసి, టీ అంగడి దగ్గర కూర్చోవడం మానేసి, ముసుగు తన్ని పడుకున్న రైతు, మనసు కుదుటపడ్డాక లేస్తానంటాడు. ఈ పద్ధతి దాన్ని తిరగేస్తుంది: ముందు చిన్న పని, ఆ తర్వాతే మనసు. రోజులో ఏ గంటకు ఏం చేయాలో ఇద్దరం కలిసి రాసుకుంటాము, చేశాక ఎలా అనిపించిందో గుర్తు పెడతాము. గోవాలో సంగత్ సంస్థ చేసిన పరిశోధన ఒకటి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. అందులో మానసిక వైద్యం చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పద్ధతిలోనే 6 నుంచి 8 సిటింగులు చేయిస్తే, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారు కూడా మామూలు వైద్యం పొందినవారికన్నా మెరుగ్గా కోలుకున్నారు. మన జిల్లాల ఆరోగ్య కేంద్రాల్లోనూ ఇది జరిగితే చూడాలని నాకు గట్టి కోరిక. అప్పు బాధ మాత్రం చికిత్సతో తీరదు. బ్యాంకుతో, బంధువులతో మాట్లాడడం అనే పనిని కూడా ఆ కాగితంలోనే ఒక గంటకు రాసుకుంటాము.

మన దగ్గర రోగి ఒంటరిగా రాడు. తండ్రి, బావమరిది, కొన్నిసార్లు ఊరి పెద్ద కూడా కారు దిగుతారు. దీన్ని ఇబ్బందిగా భావించే పుస్తకాలున్నాయి గానీ నేను అలా అనుకోను. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశారు. కుటుంబాన్ని కలుపుకుని చేసే వైద్యానికి మన దేశంలో అదొక గట్టి పునాది. ఫ్యామిలీ థెరపీలో తప్పు ఎవరిదని తేల్చము, ఎవరి మాట ఎవరిని ఎక్కడికి నెడుతోందో చూస్తాము. కొడుకు గది తలుపు వేసుకుంటే తండ్రి అరుస్తాడు, తండ్రి అరిస్తే తల్లి కొడుకును వెనకేసుకొస్తుంది, తల్లి వెనకేసుకొస్తే తండ్రి ఇంకా అరుస్తాడు, కొడుకు తలుపు ఇంకా గట్టిగా వేసుకుంటాడు. ఈ చక్రాన్ని నలుగురి ముందూ బోర్డు మీద గీస్తే ఒక్కోసారి ఆ గదిలో మొదటిసారి తండ్రి గొంతు తగ్గుతుంది.

భార్యాభర్తల చికిత్సలో నేను మొదటి రోజే కొన్ని నియమాలు చెబుతాను. ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతాను. విడిగా చెప్పినదాన్ని రెండోవారికి నేను మోసుకెళ్లను. కలిసి ఉండాలా, విడిపోవాలా అన్న తీర్పు ఇవ్వను. కొట్టడం జరుగుతున్న ఇంట్లో మాత్రం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనడం చికిత్స కాదు, అక్కడ ముందు ఆమె క్షేమం చూడాలి. పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ ఉన్న తేడాను అబ్బాయి తరఫువారికి, అమ్మాయి తరఫువారికి ఓపికగా వివరించడంలోనే కొన్నిసార్లు మొదటి సిటింగు గడిచిపోతుంది, అయినా ఆ సమయం దండగ కాదు.

తాగుడు సమస్యకు అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ వాడతాము. ఒట్టు వేయించడం, భయపెట్టడం ఉండవు; మానాలన్న కోరికా, మానలేనన్న భయమూ రెండూ అతనిలోనే ఉన్నాయని గుర్తించి, మొదటిదాన్ని అతని నోటితోనే చెప్పిస్తాము. ఒక హెచ్చరిక చాలా ముఖ్యం. ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ప్రాణం మీదకు రావచ్చు. అందుకని మాల వేయించో, గదిలో పెట్టో మాన్పించే ముందు సైకియాట్రిస్టును కలవాలి.

చిన్నపిల్లల విషయంలో ఎక్కువ చికిత్స తల్లిదండ్రులకే జరుగుతుంది, అందుకు వారు సిద్ధపడి రావాలి. సైకోడైనమిక్ చికిత్స ఫ్రాయిడ్ ఆలోచనల నుంచి పెరిగింది, బాల్యపు అనుబంధాలు ఇప్పటి జీవితంలో ఎలా తిరగబెడుతున్నాయో నెలలు, ఏళ్లు వెచ్చించి చూస్తుంది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించినా, మన వైపు ఇది దొరకడం కష్టం. కావాలంటే పెద్ద నగరాల్లోనో, ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి. తమను తాము గాయపరచుకునేవారి కోసం మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), ప్రమాదాలు, అఘాయిత్యాల జ్ఞాపకాల కోసం ఫ్రాన్సిన్ షపీరో రూపొందించిన ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే చికిత్స) రెండింటికీ ప్రత్యేక శిక్షణ ఉండాలి. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే సూటిగా జవాబు రావాలి.

వెంకయ్యస్వామి ఆశ్రమం ఉన్న గొలగమూడిలో నిద్ర చేసి, కసుమూరు దర్గాకు వెళ్లి వచ్చి, ఆ తర్వాత నా గదికి వచ్చేవారున్నారు. నేను వారి నమ్మకాన్ని తీసేయమనను. అది వారికి ఇచ్చే ఊరట నాకు కనిపిస్తుంది. కానీ మందు ఆపేసి వెళ్లడాన్ని, మనిషిని కట్టేయడాన్ని ఒప్పుకోను. చట్టం కూడా మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఒక్క సిటింగులో నయం చేస్తామని, హిప్నాటిజంతో జ్ఞాపకశక్తి పెంచి ర్యాంకు తెప్పిస్తామని చెప్పేవారిని కూడా నమ్మవద్దు.

రహస్యం గురించి అడిగేవారికి: మీరు చెప్పినది బయటకు పోకుండా చూడడం 2017 చట్టం ప్రకారం మా విధి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మినహాయింపు ఉంది. పిల్లలపై లైంగిక దాడి మా దృష్టికి వస్తే పోక్సో చట్టం ప్రకారం తెలియజేయక తప్పదు. ఈ సంగతి మొదటి రోజే చెప్పని చోట మీరే అడగండి. ఫీజు, సిటింగు నిడివి, రాలేని రోజు ఏం చేయాలన్నదీ అప్పుడే మాట్లాడుకోవాలి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెప్పినా, ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే కౌన్సెలింగ్ ఫీజును చాలా పాలసీలు ఇంకా చెల్లించడం లేదు. నాలుగైదు సిటింగుల తర్వాత కొంచెమైనా మార్పు లేకపోతే ఆ మాట నేరుగా మీ థెరపిస్టుతో అనండి. పద్ధతి మార్చడమో, ఇంకొకరి దగ్గరకు పంపడమో వారి పని, అలిగి మానేయాల్సిన పని లేదు.

ఎవరికీ వినపడని మాటలు వినపడుతున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా మాట్లాడుతున్నా, తిండి పూర్తిగా మానేసినా, చనిపోతానని అంటున్నా ముందు కౌన్సెలర్ కోసం వెతకవద్దు, సైకియాట్రిస్టు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులకు వెళ్లవచ్చు. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.